నిదానం చేతుల్లోని వణుకు

పానాలక్క పొద్దున్నే షెడ్డు షట్టరు సగం ఎత్తి, అక్కడే ఓ నిమిషం నిలబడి వినేది. లోపల అరల మీద డబ్బాలన్నీ ఒకే శ్రుతిలో గుయ్యిమంటుంటే క్షేమమే. ఏదైనా ఒకటి గొంతు మార్చిందంటే దాని మూత వదులైందన్నమాట. అప్పుడు స్టూలెక్కి, ఆ మూతని అరచేత్తో రెండు దెబ్బలు వేసి, "ఊరుకో" అని చెప్పి దిగొచ్చి, షట్టరు మిగతా సగం ఎత్తేది.

ఆ డబ్బాల్లో ఉన్నవి బండ్లలోంచి తీసిన వణుకులు. ఇంజన్ ఆయిల్ మారిస్తే పాత ఆయిల్‌ని ఎందులోనో ఒకదాంట్లో పట్టాలి కదా, వణుకు తీసినా అంతే. వంకర రిమ్ము సరిచేసినప్పుడో, వదులైన ఇంజన్ బోల్టు బిగించినప్పుడో, అరిగిన బేరింగ్ ఊడదీసినప్పుడో బండిలో ఉన్న వణుకు జారి ఆమె చేతిలోకి వచ్చేది. చేతి తడి విదిలించినట్టు దాన్ని ఖాళీ గ్రీజు డబ్బాలోకి విదిలించి మూత పెట్టేది. మిగతా మెకానిక్కులు తీసిన వణుకుల్ని ఏం చేస్తారో ఆమెకి తెలియదు. రోడ్డు మీదకి వదిలేస్తారేమో, అందుకే రోడ్లు ఇలా తగలడ్డాయేమో అని ఆమె అనుమానం.

డబ్బాల మీద పేర్లు రాసేది ఆమె భర్త. ఆయన బోర్డుల పెయింటరు. ఇప్పుడు దుకాణాల వాళ్ళంతా ప్లాస్టిక్ గుడ్డ మీద అచ్చు వేయించుకుంటున్నారు కాబట్టి ఆయనకి తీరిక ఎక్కువ, ఆ తీరికతో పాటే అలకా ఎక్కువ. 'నలభైలో సీటు కింద', 'బ్రేకు వేస్తే', 'చైను, లెక్కల మాస్టారిది' అని గుండ్రటి అక్షరాలతో, అక్షరాలకి నీడలతో సహా రాసేవాడు. గ్రీజు డబ్బాకి నీడలెందుకు, ఎవరు చూడొచ్చారని ఆమె విసుక్కుంటే, రాసేది నేను కదా నేను చూస్తానులే అనేవాడు.

కింది అరలో మెత్తని వణుకులు ఉండేవి. వాటిని అడిగినవాళ్ళకి అరువిచ్చేది. పక్క వీధి బాలింత ఒక డబ్బా తీసుకెళ్ళి ఉయ్యాలకి కట్టుకుంటే చంటిది మధ్యాహ్నమంతా లేవలేదు. పార్సిల్ కంపెనీ వాచ్‌మన్ ఇంకొకటి మోకాళ్ళ మధ్య పెట్టుకుని డ్యూటీ చేసేవాడు, నొప్పులు తగ్గాయని తిరిగి ఇవ్వడమే మానేశాడు. పై అరలోవి మాత్రం ఆమె ఎవరికీ ఇచ్చేది కాదు. అవి మనుషుల్ని కింద పడేసినవి.

ఎవరైనా వచ్చి బండి ఊగుతోందక్కా అంటే, ఆమె వెంటనే పానా తీసే రకం కాదు. ముందు ప్రశ్నలు. ఎక్కడ తెలుస్తోంది, చేతుల్లోనా, కూర్చున్నచోటా, పాదాల కిందా? చేతుల్లో అయితే ముందు చక్రం మీద అనుమానం, కూర్చున్నచోట అయితే వెనక చక్రం మీద, పాదాల కింద అయితే ఇంజన్ మీద. ఎంత వేగంలో మొదలవుతోంది? ఆ వేగంలో క్లచ్ పట్టి చూశావా? క్లచ్ పట్టగానే ఆగిపోతే తప్పు ఇంజన్‌ది, ఆగకపోతే చక్రాలది. ఆ తర్వాత టైర్లలో గాలి చూసేది. పదిమందిలో నలుగురి జబ్బు గాలితోనే కుదిరిపోయేది. గోటితో పోయేదానికి గొడ్డలెందుకని ఆమె సిద్ధాంతం.

గాలితో పోకపోతే బండిని స్టాండెక్కించి చక్రం తిప్పి చూసేది, చక్రాన్ని పైనా కిందా పట్టుకుని ఊపి చూసేది. చివర్లో ముందు చక్రాన్ని నేలకి తగలకుండా లేపి, హ్యాండిల్‌ని ఒక్క వేలితో తోసేది. అది నూనె వేసిన తలుపులా ఆ చివర్నుంచి ఈ చివరికి ఎక్కడా పట్టకుండా వాలిపోవాలి. మధ్యలో ఎక్కడైనా ఆగిందా, ఆ బండి మీద ఆమె శత్రువుని కూడా ఎక్కనిచ్చేది కాదు.

ఒక్కసారి మాత్రం తమ్ముణ్ణి ఎక్కనిచ్చింది.

ఆమె తమ్ముడు ఆ పార్సిల్ కంపెనీలోనే పంతొమ్మిదేళ్ళుగా పనిచేస్తున్నాడు. క్లినిక్కుల నుంచి రక్తం సీసాలు పెట్టెలో పెట్టుకుని పరీక్షల ల్యాబుకి చేరుస్తాడు. అందరూ అతన్ని నిదానం అంటారు. అసలు పేరు జీతం కాగితంలో ఉందంటారు గానీ చూసినవాళ్ళు లేరు. తన పెళ్ళికి తనే ఆలస్యంగా వచ్చిన మనిషి. రోడ్డు మీద అతని వెనక ఇరుక్కున్నవాళ్ళు హారన్ కొట్టి కొట్టి అలిసిపోవలసిందే. పంతొమ్మిదేళ్ళలో ఒక్కసారీ పడలేదు, ఒక్క సీసా పగలలేదు.

కంపెనీ బండ్లని బయటివాళ్ళు ముట్టుకోకూడదని నియమం. ప్రతి నట్టు మీదా ఎర్రరంగు చుక్క ఉంటుంది, ఆ చుక్క చెదిరితే ఉద్యోగం చెదిరినట్టే. నెలకోసారి కంపెనీ వర్క్‌షాపే బండ్లని పరీక్షించాలి. బండికొక కార్డు, కార్డులో పది గళ్ళు, పది గళ్ళలో పది టిక్కులు, కింద మేనేజరు సంతకం. జరిగేది వేరు. ఒకటో తారీకున మేనేజరు టీ తాగుతూ నలభై కార్డులూ ముందేసుకుని, నాలుగు వందల గళ్ళూ తనే టిక్కు పెట్టి, సంతకాలు చేసి, గ్లాసు ఖాళీ అయ్యేలోపు పని ముగించేవాడు. ఎంత చల్లని టీ తాగేవాడో తెలియదు.

నిదానం బండి బ్రేకు వేసినప్పుడల్లా హ్యాండిల్ కింద టక్కుమనడం మొదలైంది. ఫిర్యాదుల పుస్తకంలో రాశాడు. వర్క్‌షాపు వాళ్ళు హ్యాండిల్ కింద అరిగిన బేరింగ్ మార్చలేదు. దాని మీద నట్టుని ఇంకో రెండు చుట్లు బిగించి, కొత్తగా ఎర్రచుక్క పెట్టి పంపారు. చప్పుడు పోయింది. అప్పట్నుంచి బండి తిన్నటి రోడ్డు మీద కూడా ఎడమకీ కుడికీ కొట్టుకుంటూ, మధ్యకి వచ్చి పట్టేసేది. మళ్ళీ రాశాడు. 'పరీక్షించాం, బాగుంది' అని జవాబు వచ్చింది.

ఓ మధ్యాహ్నం అతను బండిని అక్క షెడ్డుకి తీసుకొచ్చాడు. ఆమె చక్రం లేపి, హ్యాండిల్‌ని ఒక్క వేలితో తోసింది. అది మధ్యలోకొచ్చి ఆగిపోయింది. చప్పుడు చేస్తోందని దాని నోరు నొక్కేశారు, జబ్బు అలాగే ఉంది, బండి ఇక్కడే వదిలెయ్ అంది. అతను ఎర్రచుక్క చూపించాడు. ఇల్లు గడవాలి కదా అక్కా, నేనెలాగూ నిదానంగానే వెళ్తాను కదా అన్నాడు. ఆమె కాసేపు అరిచి, చివరికి తాళం ఇచ్చేసింది. ఆ తాళం ఇచ్చిన తన చేతిని ఆమె ఇప్పటికీ క్షమించలేదు.

నాలుగో రోజు, బడి దగ్గర చిన్న మలుపులో, హ్యాండిల్ తిరగాల్సినంత తిరగక బండి పడిపోయింది. అతను పెట్టెని కౌగిలించుకుని పడ్డాడు. సీసాల్లో ఒక్కటీ పగలలేదు. అతని భుజం ఎముక విరిగింది.

మూడు వారాల్లో ఎముక అతుక్కుంది గానీ చేతులకి వణుకు పట్టుకుంది. గ్లాసు పట్టుకుంటే నీళ్ళు ఒలికేవి, చొక్కా గుండీ పెట్టుకోవాలంటే భార్య రావాలి. భయం వల్ల, అదే పోతుంది అన్నాడు డాక్టరు. ఇది కంపెనీకి తెలిసింది, పులి మీద పుట్రలా ఓ కాగితం వచ్చింది. చేతులు వణికే మనిషి అతివేగంగా, నిర్లక్ష్యంగా నడపడం వల్లే ప్రమాదం జరిగిందని అందులో ఉంది. ఆ మాట నిజమేనని కింద సంతకం పెడితే గోడౌన్‌లో కుర్చీ వేస్తారు. పెట్టకపోతే అదే మాట రాసి ఉద్యోగం నుంచి తీసేస్తారు, ఇక ఏ కంపెనీ అతని చేతికి బండి తాళం ఇవ్వదు. సోమవారం విచారణ.

ఆదివారం పొద్దున్న పానాలక్క తమ్ముడింటికి వెళ్ళేసరికి అతను వంటింట్లో పీట మీద కూర్చుని ఆ కాగితం చూస్తున్నాడు. సంతకం పెట్టేస్తానక్కా అన్నాడు. అతివేగం అన్న మాట దగ్గర మాత్రం వేలు పెట్టి, "నన్ను ఏమన్నా పడతాను గానీ, ఇది మాత్రం ఎవరూ నమ్మరు కదే," అన్నాడు.

"ముందు నువ్వు నమ్మడం మానెయ్. చెయ్యి చాపు."

అతను చాపాడు. ఆమె అడగడం మొదలుపెట్టింది. ఎప్పుడు వణుకుతోంది? ఎప్పుడూ అన్నాడు. అందరూ అదే అంటారు, సరిగ్గా చెప్పమంది. పొయ్యి దగ్గర్నుంచి అతని భార్య చెప్పింది, నిద్రలో ఉండదట, ఊరికే ఒళ్ళో పెట్టుకున్నప్పుడూ ఉండదట, దేన్నైనా తిన్నగా పట్టుకోవాలన్నప్పుడే వస్తుందట. ఆమె ఓ గ్లాసుతో నీళ్ళు తెప్పించింది. నెమ్మదిగా ఎత్తమంది, తర్వాత వేగంగా ఎత్తమంది. తర్వాత అతని మోచెయ్యి తన అరచేతిలో ఆనించుకుని ఎత్తమంది, క్లచ్ పట్టి చూసినట్టు. అప్పుడూ ఆగలేదు. గ్లాసు అంచున వేలు ఆనించి కళ్ళు మూసుకుంది. ఎడమకి ఒకటి, కుడికి ఒకటి, మధ్యకొచ్చి పట్టేయడం. మళ్ళీ ఎడమకి ఒకటి.

"ఇది నీ వణుకు కాదురా," అంది. "భయంతో వచ్చేదైతే మధ్యలో ఇలా పట్టదు. ఇది ఆ బండిది. పడ్డప్పుడు నీ చేతుల్లోకి వచ్చేసింది."

అతని మోచేతుల దగ్గర్నుంచి వేళ్ళ దాకా గట్టిగా నిమిరి, సంచిలోంచి తీసిన డబ్బాలోకి రెండుసార్లు విదిలించి మూత బిగించింది. డబ్బా నేల మీద ఎడమకీ కుడికీ కొట్టుకుంటూ గుమ్మం దాకా వెళ్ళింది. అతను గ్లాసు ఎత్తి, ఒక్క చుక్క ఒలక్కుండా తాగి, కింద పెట్టి, మళ్ళీ నింపి, మళ్ళీ తాగాడు. అతని భార్య పొయ్యి ఆపేసి ఏడ్చింది. తర్వాత, "వదినా, మరి ఆ కాగితం?" అంది.

ఇంటికొచ్చాక పెయింటరు కుంచె తీసి ఆ డబ్బా మీద 'బావమరిది' అని రాయబోయాడు. ఆమె ఆపింది. వాడిది కాదని ఇప్పుడే కదా తేలింది, పేరు రాయొద్దు అంది. ఆయన కుంచె తుడుచుకుంటూ, నిజం నిలకడ మీద తెలుస్తుందిలే, తొందరెందుకు అన్నాడు.

"నిలకడ దానంతట అది వస్తే నాకు షెడ్డెందుకు?" అంది ఆమె.

సోమవారం ఉదయం కంపెనీ గేటు దగ్గర వాచ్‌మన్ తమ్ముణ్ణి వదిలి అక్కని ఆపాడు. విచారణకి బయటివాళ్ళు రాకూడదు. సంచిలో ఏముందని అడిగాడు. డబ్బా అంది. మోకాళ్ళదా అన్నాడు ఆశగా. కాదు, పై అరది అంది. అతను గేటు పూర్తిగా తెరిచి, దూరంగా జరిగి నిలబడ్డాడు.

విచారణ గదిలో ఒక బల్ల, మేనేజరు, కాగితాలు చదవడానికి గుమస్తా. గుమస్తా కాగితమంతా చదివాడు, అతివేగం దగ్గర మాత్రం అతని గొంతు కొంచెం నవ్వింది. మేనేజరు పెన్ను అందించాడు. నిదానం పెన్ను పట్టుకున్న చెయ్యి కదలకుండా ఉంది. మేనేజరు దాన్ని చూసి, చేతులు బాగానే ఉన్నాయే, అయితే ఇన్నాళ్ళూ నటించావన్నమాట అన్నాడు. గుమస్తాని ఆ మాట కూడా రాసుకోమన్నాడు.

నిదానం అక్క వైపు చూశాడు. అతను తన చేతి వైపు చూసుకున్నాడు. పెన్ను మూత పెట్టి బల్ల మీద పెట్టాడు.

"నేను పెట్టను సార్. ఆ రోజు నేను నిదానంగానే వెళ్ళాను."

"ఆడలేక మద్దెల ఓడు అన్నాడట. నడపడం చేతకాక బండి మీద పెడతావా?"

"మద్దెల నిజంగానే ఓడైతే ఏం చేయాలి?" అంది పానాలక్క. డబ్బా తీసి బల్ల మీద పెట్టింది. బల్ల మీది గుండుసూదులు గలగలలాడాయి. "వాడి చేతుల్లో ఉన్నది ఇది. మీ బండిది."

మేనేజరుకి ఆమె డబ్బాల సంగతి తెలుసు, ఆ చుట్టుపక్కల తెలియనివాళ్ళు లేరు. మా బండిదే అని రుజువేమిటి అని అడిగాడు. మూత తీస్తే అదే చెబుతుంది, తనెవరిదో దానికి తెలుసు అంది. అప్పుడు మేనేజరు రెండు చేతులూ బల్ల కిందకి లాక్కున్నాడు. గుమ్మడికాయల దొంగంటే భుజాలు తడుముకున్నట్టు అని గుమస్తాకి అనిపించింది గానీ అతనికి నెలాఖరు దగ్గర్లో ఉంది, పైకి అనలేదు.

ఆమె మూత తీసింది. డబ్బా శాంతించింది. గుండుసూదులు ఆగిపోయాయి. ఇంకేమీ జరగలేదు.

మేనేజరు కాసేపు చూసి, తేలిగ్గా ఊపిరి పీల్చుకుని, అయిపోయిందా అని అడిగాడు. తొలగింపు కాగితం తీసుకుని సంతకానికి పెన్ను ఆనించాడు. పెన్ను ఎడమకి వెళ్ళింది, కుడికి వెళ్ళింది, మధ్యకొచ్చి కాగితంలో గుచ్చుకుని ఆగింది. ఇంకో కాగితం తెప్పించాడు. మళ్ళీ ఎడమకి, మళ్ళీ కుడికి, మళ్ళీ గుచ్చుకుంది. మూడో కాగితం చిరిగింది. గుమస్తా మూడూ పైకెత్తి, వెలుతురులో చూసి, "సార్, ఇవి మీ సంతకాలు కావు. పెద్దాఫీసు వాళ్ళు తీసుకోరు," అన్నాడు. ఎవరూ ఆశ్చర్యపోలేదు. ఆఫీసులో సంతకం కలవకపోతే కాగితం చెల్లదు, అంతే.

మేనేజరు ఆమె ముందు చెయ్యి చాపాడు. దీన్ని తీసెయ్యండి అన్నాడు.

"తీయగలను," అంది పానాలక్క. "తీయను. మూడు వారాలు నా తమ్ముడు గుండీ పెట్టుకోలేకపోయాడు. మీరు వాడికి కాగితం పంపారు."

అతను గొంతు తగ్గించాడు. నలభై బండ్ల పనీ మీ షెడ్డుకే రాసిస్తానన్నాడు.

"రాయడానికి చెయ్యేది సార్?"

గుమస్తా దగ్గు వచ్చినట్టు మొహం తిప్పుకున్నాడు. ఆమె ఖాళీ డబ్బా సంచిలో వేసి, సంచి భుజానికి తగిలించుకుని, రండి బండి చూద్దాం అంది.

పడ్డ బండి యార్డు చివర తాళం వేసిన రేకుల షెడ్డు కింద ఉంది. ఎవరూ ముట్టుకోలేదు, ఎర్రచుక్కలు ఎర్రచుక్కలుగానే ఉన్నాయి. ఆమె కూడా ముట్టుకోలేదు. మేనేజరునే మోకాళ్ళ మీద కూర్చోబెట్టింది. గాలి చూడమంది. సరిపోయింది. ముందు చక్రం తిప్పమంది. తిరిగింది. పైనా కిందా పట్టుకుని ఊపమంది. అతని చెయ్యి తిన్నగా పట్టుకోలేక రెండుసార్లు జారింది. ప్యాంటుకి మట్టి అయింది, ఆమె ఆగలేదు. నిదానం, వాచ్‌మన్ కలిసి ముందు చక్రం పైకి లేపారు.

"ఇప్పుడు హ్యాండిల్‌ని ఒక్క వేలితో తొయ్యండి."

అతను తోశాడు. హ్యాండిల్ సగం దాకా వచ్చి, మధ్యలో పట్టేసింది. గట్టిగా తోస్తే గుంటలోంచి పైకి లేచినట్టు కిర్రుమని కదిలి, ఎడమకి వాలింది. అవతలివైపు నుంచి తోశాడు. మళ్ళీ మధ్యలో పట్టేసింది. అతని చెయ్యి అప్పటిదాకా బల్ల మీద చేస్తున్నది అదే. బండి హ్యాండిల్ వైపు ఒకసారి, తన చేతి వైపు ఒకసారి చూసుకున్నాడు. అప్పుడతని మొహం చూస్తే పానాలక్కకి సైతం కొంచెం జాలేసింది. కొంచెమే వేసింది, దాన్ని కూడా దాచుకుంది.

గుమస్తా ఆ బండి కార్డు తెచ్చాడు. పది టిక్కులూ ఉన్నాయి, ప్రమాదం జరిగిన నెలవి. దాని వెనకే వచ్చే నెల కార్డు. దానిలోనూ పది టిక్కులు సిద్ధంగా ఉన్నాయి, షెడ్డు కింద వంకరగా పడున్న బండికి. ఆమె కార్డు వెనకవైపు తిప్పి బండి సీటు మీద పెట్టింది.

"మీరేం చూశారో రాయండి."

అతను చాలాసేపు రాయలేదు. ఎండ పెరుగుతోంది. వాచ్‌మన్ మోకాళ్ళు మార్చి మార్చి నిలబడ్డాడు. చివరికి మేనేజరు వంగి రాయడం మొదలుపెట్టాడు. మొదటి మాట కార్డు మీద అటూ ఇటూ కొట్టుకుంది. 'హ్యాండిల్ బేరింగ్ అరిగింది' అన్నది చదవడానికి గుమస్తా మెడ వంచాల్సి వచ్చింది. 'మార్చకుండా బిగించాం' దగ్గరికి వచ్చేసరికి అక్షరాలు వరస కట్టాయి. 'ఈ బండి నడపడానికి పనికిరాదు' అన్నది తిన్నగా, ఒకే గీత మీద వచ్చింది. కింద సంతకం పెట్టాడు. గుమస్తా పాత సంతకం పక్కన పెట్టి చూసి, "కలిసింది సార్," అన్నాడు.

పానాలక్క భుజానికున్న సంచిలో డబ్బా ఎడమకీ కుడికీ కొట్టుకోవడం మొదలుపెట్టింది. ఆమె చెయ్యి లోపల పెట్టి మూత బిగించింది.

మేనేజరు తన చెయ్యి ఎండలో చాపి చూసుకున్నాడు. మిగతా ముప్ఫై తొమ్మిది కార్డుల కట్ట గుమస్తా చంకలో ఉంది. అతను దాని మీద చెయ్యి వేయబోతే వేళ్ళు మళ్ళీ సన్నగా అదిరాయి. గబుక్కున వెనక్కి తీసుకున్నాడు. ఎవర్నీ చూడకుండా, తర్వాతి బండి తెమ్మన్నాడు. అతనే గాలి కొలిచే మీటరు తీసుకున్నాడు.

ఇక నిదానం కాగితం ఒకటి మిగిలింది. అతివేగం, నిర్లక్ష్యం, కింద సంతకానికి ఖాళీ. అది ఇచ్చెయ్, నేను చూసుకుంటానని మేనేజరు చెయ్యి చాపాడు. నిదానం ఇవ్వలేదు. కాగితాన్ని బండి సీటు మీద పరిచి, అంచుకి అంచు కలిపి సగానికి మడిచాడు. మడత మీద గోరుతో గీశాడు. మళ్ళీ సగానికి మడిచాడు, మళ్ళీ గీశాడు. అప్పుడు ఆ మడత వెంబడే, దారం పట్టి కోసినట్టు, చింపడం మొదలుపెట్టాడు.

అతని వెనక మేనేజరు మీటరు పట్టుకుని నిలబడ్డాడు, గుమస్తా కార్డులు పట్టుకుని నిలబడ్డాడు, పక్కకి జరిగితే తర్వాతి బండి లోపలికి వస్తుందని వాచ్‌మన్ దాన్ని పట్టుకుని నిలబడ్డాడు. అక్క కూడా ఇక రారా అంది. నిదానం తొందరపడలేదు.